దేవుడి గదిలో పూలు ఎందుకు వాడలేదు?

ముహూర్తాల గురించీ, వాస్తు గురించీ మా అక్కయ్యతో వాదించడం నాకు కొత్త కాదు. కానీ క్రిందటి వేసవిలో పూల గురించి వాదించుకుని వారం రోజులు మాట్లాడుకోలేదు.

బావగారు పోయి ఏడాదైన రోజున ఎవరో కార్నేషన్ పూలగుత్తి తెచ్చారు. సగం పూలు అక్కయ్య దేవుడి గదిలో బావగారి ఫొటో దగ్గర గ్లాసులో పెట్టుకుంది. మిగతా సగం నేను భోజనాల బల్ల మీద సీసాలో పెట్టి, నీళ్ళలో ఆస్పిరిన్ బిళ్ళ వేశాను. మూడోరోజుకి నా పూల రేకులు లోపలికి ముడుచుకుపోయాయి. ఆవిడవి తాజాగా ఉన్నాయి.

"చూశావురా, మీ బావగారు ఇక్కడే ఉన్నారు" అంది.

నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

నవ్వు జవాబు కాదు కదా! రెండు చోట్లకీ తేడా ఏమిటి? నా సీసా పక్కనే మగ్గుతున్న అరటిపళ్ళున్నాయి. మగ్గే పళ్ళు ఎథిలీన్ అనే వాయువు వదులుతాయి. కార్నేషన్లకి అది అసలు పడదు, తొందరగా వాడిపోతాయి. పైగా అక్కయ్య రోజూ స్నానం కాగానే నీళ్ళు మార్చేది. నిలవనీళ్ళలో బాక్టీరియా పెరిగి, కాడలో నీరెక్కే సన్నని గొట్టాలను పూడ్చేస్తుంది. నేను ఒక్కసారీ మార్చలేదు. ఆస్పిరిన్ ఉందిగా అని ధీమా!

ఆ ఆస్పిరిన్ సంగతి నాకెవరు చెప్పారు? ఎవరో అనగా విన్నాను, నమ్మాను. అదీ మూఢనమ్మకమే, కాకపోతే మందుబిళ్ళ రూపంలో ఉంది.

వెళ్ళి అక్కయ్యకి క్షమాపణ చెప్పి, ఇద్దరం పరీక్షించి చూద్దామన్నాను. ఒకే గుత్తిలోని పూలు, ఒకేరకం సీసాలు మూడు. దేవుడి గదిలో ఒకటి, ఈసారి అరటిపళ్ళ పక్కన. పళ్ళు లేని బల్ల మీద రెండు, అందులో ఒకదానికి ఆస్పిరిన్. మూడింటికీ రోజూ నీళ్ళు మార్చాం. అక్కయ్యే కాలెండరు మీద రాసింది.

దేవుడి గదిలోవే ముందు వాడాయి. బల్ల మీది రెండింటికీ మాకు తేడా కనపడలేదు. మూడు సీసాలతో సిద్ధాంతాలు చెయ్యకూడదనుకోండి. మీరూ చేసి చూడండి.

అక్కయ్య ఏమీ అనలేదు. పళ్ళు తీసుకెళ్ళి వంటింట్లో పెట్టింది. ఫొటో దగ్గరికి కొత్త పూలు తెచ్చి, "కాడలు ఎలా కొయ్యాలిరా?" అనడిగింది. గాలిబుడగ ఎక్కకుండా నీళ్ళలోనే ఉంచి, ఏటవాలుగా కోసి ఇచ్చాను.