తాళం లేని బీరువా

త్రిపురారం నల్లగొండ జిల్లాలో, మిర్యాలగూడ చేరువలో వున్న మండల కేంద్రం. చుట్టూ వరి మళ్ళు. ఆ మళ్ళకు నీరిచ్చేది నాగార్జునసాగర్ ఎడమ కాలువ. దానినే లాల్‌బహదూర్ కాలువ అంటారు.

ఇటువంటి వూరి హైస్కూలులో గ్రంథాలయం తెరిచి వుంటే, గంట కొట్టకముందే నలుగురైదుగురు పిల్లలు అక్కడ చేరతారు. ప్రార్థనలో వార్తలు చదవవలసిన పిల్ల పత్రిక ముందు వేసుకుని గబగబా రాసుకుంటుంది. వానకాలంలో ఒకనాడు "ఎడమ కాలువకు నీరు వదిలారు" అన్న వార్త వచ్చిందనుకోండి. "ఆ నీళ్ళు ఎక్కడ పుట్టినయి, సార్?" అని ఎవరో ఒకరు అడగక మానరు.

నోటితో జవాబు చెప్పివేయటం తేలికే. కాని చెప్పకూడదు, అట్లాసు వున్న చోటు చూపించాలి.

గుట్టగా పోస్తే పుస్తకాలు దొరకవు గదా! అందుకని 1876లో అమెరికాలో మెల్విల్ డ్యూయీ అనే ఆయన వాటికి అంకెలిచ్చే పద్ధతి ప్రకటించాడు. విజ్ఞానశాస్త్రం 500, చరిత్ర, భూగోళం 900. పటాలు 912. మధ్యాహ్నం భోజనం చేసి, చేతులు కడిగి తుడుచుకుని (తడిచేతులతో పుస్తకం ముట్టరాదు సుమా!) పటం మీద వేలు పెట్టి ఎగువకు పోతే, సాగర్, శ్రీశైలం దాటి, కృష్ణ మనలను మహారాష్ట్రలోని మహాబలేశ్వరం కొండల దాకా తీసుకుపోతుంది.

ఆనకట్టలు కట్టే విద్య 627. సాగర్ ఆనకట్ట రాతి కట్టడం. నెహ్రూ గారు 1955 డిసెంబరు 10న దానికి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. ఆ నీటి కింద ఏముందో తెలియాలంటే 934కు, అంటే ప్రాచీన భారత చరిత్రకు పోవాలి. అక్కడ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి వుండేది. జలాశయం నిండకముందే పురావస్తుశాఖవారు తవ్వి, దొరికిన శిల్పాలను నాగార్జునకొండ మీదికి చేర్చారు. ఇప్పుడా కొండ ఒక ద్వీపం. ఈ పుస్తకం మధ్యాహ్నం విరామంలో అయ్యేది కాదు, సాయంత్రం ఇంటికి వెళ్ళవలసిందే.

చిక్కంతా ఇక్కడే వస్తుంది. పుస్తకం పోతే లెక్క చెప్పవలసింది తామే గనుక కొందరు ఉపాధ్యాయులు బీరువాకు తాళం వేస్తారు. వారి భయం అబద్ధం కాదు. పూర్వం ఐరోపాలో పుస్తకాలను గొలుసులతో కట్టేవారు కూడా! కాని లెక్కల ఉపాధ్యాయుడుగా వుండి, 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిన రంగనాథన్ గారు, 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో మొదటిదిగా, పుస్తకాలున్నది వాడటానికే అన్నారు. నిజాం రాజ్యంలో తెలుగు పుస్తకం దొరకటమే కష్టమైన రోజులలో, 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. దానిని స్థాపించినవారు పుస్తకాలు దాచిపెట్టటానికి అంత శ్రమ పడలేదు. పోయిన నాలుగు పుస్తకాలను ఖర్చు కింద రాసుకోవటమే మేలని నా అభిప్రాయం.

నాట్ల రోజులలో కొందరు పిల్లలు బడికి రాలేరు. వారికి పక్కింటి పిల్లల చేత పుస్తకం పంపించాలి. తిరిగి వచ్చినప్పుడు అట్టమీద కాస్త బురద మరక వుంటే వుండనీయండి.