అప్‌డేటూ... పచ్చడి బండా!

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా దానికొక ముద్దాయి కావాలి. మిక్సీ కాలితే పనిమనిషి, కుళాయి కారితే పైవాటావాళ్ళు, పాలు విరిగితే నేను. ఇది మా అత్తవారింటి సంప్రదాయం. అలాంటిది నా ఫోను బ్యాటరీ చచ్చిపోతే ముద్దాయి లేకుండా ఎలా వుంటుంది చెప్పండి? వున్నాడు. మా అబ్బాయి.

కిందటి శ్రావణంలో వాడు బెంగుళూరు నుంచి నాలుగు రోజులు సెలవు పెట్టి వచ్చాడు. నా ఫోను చేతిలోకి తీసుకుని, "అమ్మా, రెండు నెలలుగా అప్‌డేటు అడుగుతోంది, చూసుకోలేదా?" అన్నాడు. చూసుకోకేం? రోజూ చూస్తూనే వున్నాను. చీరలబ్బాయికి "రేపు రా" అని చెప్పినట్టు రోజూ "తర్వాత" అన్న మాట మీద వేలు పెడుతూనే వున్నాను. వాడు నన్నడగకుండానే "ఇప్పుడే" అన్నదాని మీద నొక్కేశాడు.

ఆ రాత్రంతా ఫోను జ్వరం వచ్చిన పిల్లలా కాగిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికే ఎర్ర గీత. అంతకుముందు సాయంత్రం దీపాల వేళదాకా వచ్చేది (అని అప్పుడు నేననుకున్నాను. ఈ సంగతి తర్వాత చెబుతాను). "రెండ్రోజుల్లో సర్దుకుంటుందిలే" అని వాడు రైలెక్కి వెళ్ళిపోయాడు.

అయిదో రోజున గుంటూరులో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం. మావారు క్యాంపులో వున్నారు. అత్తగారు, "ముసలిదాన్ని, నాకెందుకే బస్సు ప్రయాణం? నువ్వు వెళ్ళిరా" అన్నారు. వెళ్ళాను. భోజనాలయ్యాక బస్సెక్కాను. మంగళగిరి వచ్చేసరికి నా మనసంతా హాయిగా వుంది. ఫోను తీసి చూస్తే ముప్పై ఒకటి చూపిస్తోంది. ఇల్లు చేరడానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. కిటికీలోంచి గాలిగోపురం కనిపిస్తే అత్తగారికి చూపిద్దామని కెమేరా తెరిచాను. అంతే! తెర నల్లబడిపోయింది. ఎన్నిసార్లు మీట నొక్కినా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నేను ఇల్లు చేరేసరికి పక్కింటి సుబ్బలక్ష్మిగారు మా ముందుగదిలో కూర్చుని వున్నారు. అత్తగారు సోఫాలో పడుకుని వున్నారు. నుదుట తడిగుడ్డ. గోంగూర రుబ్బుతూ వుండగా కళ్ళు తిరిగాయట. గోడ పట్టుకుని వచ్చి నాకు ఫోను చేశారట. ఒకసారి కాదు, ఏడుసార్లు. ప్రతిసారీ "స్విచాఫ్" అని ఆ ఆడమనిషి గొంతు. చివరికి కిటికీ దగ్గరకి పాకినట్టుగా వెళ్ళి సుబ్బలక్ష్మిగారిని కేకేశారట.

ఏమీ కాలేదు. రక్తపోటు మాత్ర ఆ పూట మర్చిపోయారన్నాడు డాక్టరు. బరువు పనులు, వంగి చేసే పనులు తగ్గించమన్నాడు. ఏమీ కాలేదు సరే, ఆ ఏడుసార్లూ నేను బస్సులో కిటికీ పక్కన కూర్చుని గాలి తింటున్నానన్న సంగతి నా గుండెలో ములుకులా దిగబడిపోయింది. అది అక్కడే వుంటే ఏడవాలి. అందుకని తీసి మా అబ్బాయి మీదికి విసిరాను. "నీ అప్‌డేటు మూలాన మీ మామ్మ ప్రాణం మీదికొచ్చిందిరా!" అని రాత్రి పదింటికి మావారి పాత ఫోనులో కేకలు వేశాను. వాడు "సరే అమ్మా, కొత్త ఫోను పంపిస్తాను" అన్నాడు. "నీ కొత్త ఫోను ఎవరిక్కావాలిరా?" అన్నాను. ఆ తర్వాత పది రోజులు "తిన్నావా, తిన్నాను" తప్ప మా మధ్య మాటల్లేవు.

పదకొండో రోజున వాడు కోపం దిగమింగుకుని ఒక పొడుగాటి వాయిస్ మెసేజి పంపించాడు. తోటకూర బాగుచేసుకుంటూ విన్నాను. తర్వాత నేనూ కూర్చుని అవీ ఇవీ చదివాను. ఇంతకీ తేలిందేమిటంటారా?

అప్‌డేటు అయిన తర్వాత ఒకటి రెండు రోజులు ఛార్జింగు గబగబా తరిగిపోవడం మామూలేనట. ఇల్లు మారినప్పుడు సామానంతా విప్పి సర్దుకోమూ, అలాగే ఫోను కూడా లోపల ఫోటోలన్నీ తిరిగి లెక్కేసుకుని, యాప్‌లన్నీ కొత్త పద్ధతికి సరిచేసుకుంటుందట. ఆ పని అవగానే నెమ్మదిస్తుంది. ఒక్కోసారి అప్‌డేటులోనే తప్పు దొర్లి నెమ్మదించదు. అప్పుడు ఇంకో చిన్న అప్‌డేటు పంపి దిద్దుకుంటారు. ఇవి కాక, ఏటికేడాది కొత్త కొత్త హంగులు చేర్చడంవల్ల పాత ఫోనుకి చాకిరీ పెరిగే మాట కూడా నిజమే. అంచేత అప్‌డేటు గంగిగోవు అని నేననను.

కానీ, ముప్పై ఒకటి వుండగా ఆరిపోవడం మాత్రం వేరే జబ్బు. అది బ్యాటరీ ముసలితనం.

మేడ మీద నీళ్ళ ట్యాంకుంది అనుకోండి. నీళ్ళు సగం వున్నాయి. గొట్టంలో మాత్రం తుప్పు పేరుకుంది. ఒక కుళాయి తిప్పితే సన్నగా వస్తాయి. స్నానాలగది, వంటిల్లు, పెరడు ఒకేసారి తిప్పారో, ఎక్కడా చుక్క రాదు. ముసలి బ్యాటరీ అంతే. ఊరికే వున్నంతసేపూ ముప్పై, నలభై అని లెక్క చూపిస్తూనే వుంటుంది. కెమేరాలాంటిది తెరిస్తే ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడుగుతుంది. అంత ఇవ్వలేక వోల్టేజి పడిపోయి, ఫోను ఆరిపోతుంది. నా గాలిగోపురం ముచ్చట చేసిన పని ఇదీ!

చాలా ఫోన్లలో బ్యాటరీలు అయిదు వందలసార్లు పూర్తిగా వాడి నింపుకునేసరికి మొదటి శక్తిలో ఎనభై వంతులకి దిగుతాయని లెక్క. రోజుకొకసారి చొప్పున ఏడాదిన్నర కూడా కాదు. నా ఫోనుకి నాలుగేళ్ళు. పైగా వేడి అంటే ఆ బ్యాటరీలకి పడదట. నేను ఛార్జింగు పెట్టేది ఎక్కడనుకున్నారు? స్టవ్ పక్కన.

అక్కడ ఆగిపోయాను. స్టవ్ పక్కన ఛార్జరెందుకు కొన్నాను? పడగ్గదిలో ఒకటి వుంది కదా? అప్పుడు గుర్తొచ్చింది. సంక్రాంతికి అరిసెలు చేస్తూ పాకం ఎంతవరకు రావాలో మా అక్కని ఫోనులో అడుగుతున్నాను. "ఉండ కట్టిందా?" అంటూ వుండగానే ఫోను ఆరిపోయింది. అది మళ్ళీ వెలిగేలోగా పాకం ముదిరిపోయింది. ఆ అరిసెలు తినడానికి మావారు రోకలి అడిగారు. ఆ మంటలో మర్నాడే వంటింట్లోకి రెండో ఛార్జరు కొనుక్కున్నాను.

సంక్రాంతి ఎక్కడ? శ్రావణం ఎక్కడ? అప్‌డేటు రావడానికి ఏడు నెలల ముందే బ్యాటరీ నాకు చెబుతూనే వుంది. నేనే వినలేదు. దీపాల వేళదాకా వచ్చేదనుకున్నానే, అది మధ్యాహ్నం స్టవ్ పక్కన ఒక గంట పెట్టడంవల్ల!

వెంటనే అబ్బాయికి ఫోను చేసి ఒప్పేసుకున్నానని చెబితే మీరు నమ్మరు. ముందు బ్యాటరీ మార్పించాను. బజార్లో ఫోన్లు బాగుచేసే కుర్రాడు వెనక మూత తీసి, "చూడండాంటీ, ఉబ్బింది. ఇంకొన్నాళ్ళు వాడితే ప్రమాదం" అన్నాడు. పదిహేడు వందలు తీసుకున్నాడు. అప్‌డేటు అదే, యాప్‌లు అవే, ఫోను అదే. మర్నాడు రాత్రి పడుకునేటప్పుడు చూస్తే నలభై రెండు వుంది. ఇంక దాచడానికేముంది? ఆ రాత్రే చేశాను. వాడేమీ దెప్పలేదు. "స్టవ్ పక్కనా!" అని మాత్రం రెండుసార్లు అన్నాడు.

ఇదంతా ఒక ఎత్తు. మా అత్తగారి సంగతి ఇంకో ఎత్తు.

మధ్యాహ్నాలు ఆవిడకి పత్రికలు చదివి వినిపించడం నాకలవాటు. చదివినవాటిల్లో యాపిల్ కంపెనీ కథ చెప్పాను. ఐఫోన్ 6, 6ఎస్ రకాలు ఛార్జింగు వుండగానే ఠపీమని ఆరిపోతున్నాయని జనం గోల పెట్టారు. 2017 జనవరిలో కంపెనీవాళ్ళు ఒక అప్‌డేటు పంపారు. దాంతో ఆరిపోవడం తగ్గింది. బాగానే వుంది. ఎలా తగ్గిందన్నది మాత్రం ఎవరికీ విడమరిచి చెప్పలేదు. ముసలి బ్యాటరీ వున్న ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడక్కుండా దాని వేగానికి కళ్ళెం వేశారు. జనం మాత్రం ఫోను పాతబడిపోయిందనుకుని కొత్తవి కొనుక్కున్నారు. ఆ ఏడాది డిసెంబరులో జాన్ పూల్ అనే ఆయన ఆ ఫోన్ల వేగాల లెక్కలు గీతలు గీసి మరీ చూపించేసరికి గుట్టు రట్టయింది. నెలాఖరుకల్లా కంపెనీ క్షమాపణ చెప్పుకుని, 79 డాలర్ల బ్యాటరీని 29కే మారుస్తామంది. 2018 మార్చిలో బ్యాటరీ ఆరోగ్యం ఎంతుందో ఫోనులోనే చూసుకునే ఏర్పాటు చేసింది. కళ్ళెం తీసేసుకునే వీలు కూడా ఇచ్చింది. అయినా జనానికి చెప్పకుండా చేసినందుకు 2020లో ఫ్రాన్సు రెండున్నర కోట్ల యూరోలు జరిమానా వేసింది. అంతకుముందు 2018లోనే ఇటలీవాళ్ళు అప్‌డేట్లతో ఫోన్లు నెమ్మదింపజేశారని యాపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి యాభై లక్షలు వడ్డించారు.

అత్తగారు అంతా విని, ఒక నిమిషం ఆగి, "చేసిన పని మంచిదేగా? ఆరిపోకుండా కాపాడారు" అన్నారు.

"మంచిదేనండీ. చెప్పకపోవడమే..." అన్నాను.

"ఆఁ! అదీ!" అని ఆవిడ నా మొహంలోకి చూశారు. "నా పచ్చడి బండ మూడు వారాలుగా గంట్లు కొట్టించుకుంటోంది. ఇంకా అవలేదుటే?"

నా నోట మాట రాలేదు. డాక్టరు వంగి చేసే పనులు వద్దన్న రోజునే నేనూ మావారూ కూడబలుక్కుని పచ్చడి బండ అటక మీద దాచేశాం. గంట్లు కొట్టడానికి ఇచ్చామని చెప్పాం. చిక్కుళ్ళు ఈనెలు తీయడం, వత్తులు చేయడం లాంటివి ఆవిడ ముందు పెడుతూ వచ్చాం. ఆవిడ నోరెత్తలేదు. మేం ఆ ఎత్తు పారిందని సంతోషించాం.

"నాకు చేతకాదని మీరే తేల్చేశారు కాబోలు, నాక్కూడా అలాగే వుంది కాబోలు అనుకుంటూ వచ్చానే. వత్తులు చేసినప్పుడల్లా చేతులు నిజంగానే వణికినట్టనిపించాయి" అన్నారు. గొంతులో కోపం లేదు. అది వుంటే నాకు తేలికగా వుండేది.

స్టూలు వేసుకుని బండ దించాను. దానిమీద దుమ్ము తుడుస్తూ డాక్టరు చెప్పింది మాటకి మాట ఆవిడకి చెప్పాను. రక్తపోటు అంకెలతో సహా చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "సరే. రోలు బల్ల మీద పెట్టించు, వంగక్కర్లేదు. పచ్చిమిరపకాయలు నువ్వు నూరు, చివర నేను నాలుగు తిప్పులు తిప్పుతాను. మాత్ర వేసుకున్నాకే" అని తనే షరతులు రాసిచ్చారు. అక్కడితో వూరుకోలేదు. "ఆ బ్యాటరీ కనిపెట్టినవాళ్ళలో ఒకాయన తొంభై ఏడో ఏట నోబెల్ బహుమతి పుచ్చుకున్నాడని నువ్వే చదివావుగా?" అని దెప్పారు. నిజమే, 2019లో జాన్ గుడినఫ్‌గారు. నాకే అప్పచెబుతారని తెలిస్తే చదివేదాన్ని కాదు.

సుబ్బలక్ష్మిగారు మాత్రం మా కథంతా విని, "అందుకే నేను అప్‌డేట్ల జోలికే పోను" అన్నారు. ఆవిడ రెండేళ్ళు పోలేదు. ఈమధ్య బ్యాంకు యాప్ తెరుచుకోనని మొండికేస్తే మా ఇంటికి వచ్చారు. అప్‌డేట్లలో దొంగలు చొరబడే కంతలు పూడ్చే పని కూడా వుంటుందని, డబ్బు వ్యవహారాలున్న ఫోనుకి అది మానకూడదని నేను చెప్పబోతే, "నువ్వెప్పుడు నేర్చావే ఇవన్నీ?" అన్నారు. ఏం చెప్పను? ఆవిడ భయానికీ ఆధారం లేకపోలేదు. 2025 జనవరిలో గూగుల్‌వాళ్ళు తమ పిక్సెల్ 4ఎ ఫోన్లకి పంపిన అప్‌డేటు కొన్నింటిలో బ్యాటరీకి పట్టే ఛార్జింగునే తగ్గించేసింది. బ్యాటరీ నిలకడ కోసం అన్నారు. కాకపోతే ఈసారి ముందే చెప్పి చేశారు. ఆ ఫోన్లవాళ్ళకి ఉచితంగా బ్యాటరీ మారుస్తామనో, డబ్బిస్తామనో అన్నారు.

నిన్న రాత్రి నా ఫోను మళ్ళీ అడిగింది, కొత్త అప్‌డేటు వచ్చింది, వేసుకోనా అని. ఫోటోలన్నీ మావారి కంప్యూటర్లోకి ఎక్కించి, పడగ్గదిలో ఛార్జింగు పెట్టి, "ఇప్పుడే" మీద నేనే నొక్కాను. పొద్దున లేచి చూస్తే గోరువెచ్చగా వుంది. రెండ్రోజులు చూడాలి. వంటింట్లోంచి చప్పుడవుతోంది. "అత్తయ్యగారూ, మాత్ర వేసుకున్నారా?" అని కేకేశాను. "వేసుకున్నానే, నువ్వు రా, గోంగూరలో ఉప్పు చూడు" అన్నారు.