ఏ భీమేశ్వరుడు?

మా సామర్లకోటలో వెలసినవాడు భీమేశ్వరుడు. ద్రాక్షారామంలో వెలసినవాడూ భీమేశ్వరుడే. పంచారామాల్లో రెండింట ఒకే పేరు. అందుకే మా స్వామిని కుమారారామ భీమేశ్వరుడంటాము. "ఏ భీమేశ్వరుడికి మొక్కుకున్నావురా?" అని అమ్మమ్మ అడిగేది. పేరుకు ఒక పరిధి ఉంటుందని నాకు మొదట నేర్పినది ఆ ప్రశ్నే.

చదువుకునే రోజుల్లో 8086 అసెంబ్లీ భాషలో, ప్రోగ్రాము కాసేపు ఆగడానికి ఒక మాక్రో వ్రాశాను. సి.ఎక్స్. రిజిస్టరులో ఒక సంఖ్య వేసి, అది సున్నా అయ్యేదాకా లూప్ ఆదేశంతో తిరగడం, అంతే. ఒకసారి వాడితే పనిచేసింది. రెండోసారి వాడగానే ఆ లేబులు పేరు ఇదివరకే ఉన్నదని అసెంబ్లరు నిలదీసింది. మాక్రోను పిలిచిన ప్రతిచోటా దాని పాఠమంతా అచ్చుగుద్దినట్లు దిగుతుంది మరి. లేబులూ రెండుసార్లు దిగింది. మైక్రోసాఫ్టు వారి మాస్మ్‌లో దీనికి 'లోకల్' అనే మాట ఉంది. అది చేరిస్తే, మాక్రో దిగినప్పుడల్లా అసెంబ్లరే ఆ లేబులుకు ??0000, ??0001 అంటూ కొత్త పేరు పెడుతుంది. చేర్చాను. దోషం పోయింది. గర్వంగా మిత్రుడికి ఇచ్చాను.

ప్రయోగ పరీక్షలో అతని ప్రోగ్రాము ఆగలేదు. పదిసార్లు తిరగవలసిన అతని లూపు కూడా సి.ఎక్స్.లోనే లెక్క పెట్టుకుంటోంది. నా మాక్రో ముగిసేసరికి అందులో మిగిలేది సున్నా. లూప్ ఆదేశం ముందు ఒకటి తగ్గించి, ఆ తరువాత సున్నా అయిందా అని చూస్తుంది. 16 బిట్లలో సున్నా నుంచి ఒకటి తీస్తే 65535. కనుక మళ్ళీ మొదటికి. ప్రతి చుట్టులోనూ ఇదే కథ.

ఈసారి అసెంబ్లరు ఒక్క మాటా అనలేదు. లేబులుకు అది వేరే పేరు పెట్టగలదు. సి.ఎక్స్. మాత్రం ప్రాసెసరులో ఉన్నది ఒక్కటే. దానికి కుమారారామమూ ద్రాక్షారామమూ లేవు. మాక్రో మొదట పుష్ సి.ఎక్స్., చివర పాప్ సి.ఎక్స్. అని రెండు పంక్తులుంటే చాలేది. ఒకరి పాత్ర వాడుకునే ముందు అందులో ఉన్నది తీసి దాచి, వెళ్ళేటప్పుడు తిరిగి పోసి పెట్టడం వంటిదే అది.

ఆ సాయంత్రం కాకినాడ నుంచి రైల్లో వస్తూ అతడు తన తప్పు కోసం కాగితం మీద వెతుకుతూనే ఉన్నాడు. నాకు ఆ రాత్రే తెలిసింది. మరునాడు చెప్పలేకపోయాను, ఆ తరువాత చెప్పే సందర్భం లేదనుకున్నాను. ఈ పుట ఎప్పుడైనా అతని కంటబడితే ఇంతే చెప్పాలి: ఆ తప్పు నీది కాదురా, నాది.