బోరబండలో ఎక్కి, బేగంపేటలో దిగి

ఏదో ఒక పనిమీద హైదరాబాదు వెళ్ళని కుటుంబం మన గ్రామ సంఘాలలో నేడు అరుదు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి రోగిని తీసుకొని వెళ్ళేవారు కొందరు. జూబ్లీహిల్స్ ఇళ్ళలో పనికో, ఫిలింనగర్‌లో సినిమా కూలికో చేరిన పిల్లలను చూడబోయేవారు మరికొందరు. అటువంటివారికి తలదాచుకొనే బంధువుల గది బోరబండ వంటి బస్తీలలోనే దొరుకుతుంది. జూబ్లీహిల్స్ మేడలకు ఎంతో దూరం కాదు గాని, ఇక్కడివి చిన్న ఇళ్ళు, ఇరుకు వీధులు. చెవిన పడేది తెలుగు, ఉర్దూ కలిసిన మాట. ఈ బస్తీ పేరుతోనే లోకల్ రైలు స్టేషన్ కూడా ఉన్నది.

2003 ఆగస్టు 9న ప్రారంభమైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు ఇక్కడ ఆగుతాయి. క్రొత్తవారు తప్పు రైలు ఎక్కడానికి ఇంతకంటె అనువైన చోటు మరొకటి లేదేమో! పడమటికి పోయే రైలు హైటెక్ సిటీ, హఫీజ్‌పేట, చందానగర్ మీదుగా లింగంపల్లి చేరుతుంది. తూర్పుకు పోయేది భరత్‌నగర్, ఫతేనగర్ మీదుగా బేగంపేటకు వస్తుంది. అసలు చిక్కు బేగంపేట దాటాక ఉన్నది. కొన్ని రైళ్ళు నెక్లెస్ రోడ్, ఖైరతాబాద్, లక్డీకాపూల్ మీదుగా నాంపల్లికి పోతాయి. మరికొన్ని సంజీవయ్య పార్కు, జేమ్స్ స్ట్రీట్ మీదుగా సికింద్రాబాదుకు, అక్కడనుండి కాచిగూడ మీదుగా ఫలక్‌నుమా వైపుకు పోతాయి. బోరబండలో నిలబడి చూస్తే రెండూ ఒక్క రంగే, ఒక్క దిక్కుకే పోతున్నట్లుంటాయి. రైలు పేరులోని రెండు అక్షరాలే గుర్తు. మొదటిది బయలుదేరిన ఊరు, రెండవది చేరే ఊరు. ఇంగ్లీషు అక్షరాలు రానివారికి అదీ కష్టమే.

ఇంకొక తిరకాసు. టిక్కెట్టు మీద 'హైదరాబాద్' అని ఉంటే అది నాంపల్లి స్టేషన్. సికింద్రాబాద్ వేరు, కాచిగూడ వేరు. ఇక 'ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్' అనే పేరు చూసి సికింద్రాబాదులో ఎక్కినవారు పాతబస్తీలోని ఫలక్‌నుమా చేరరు. అది మరునాటికి బెంగాలులోని హౌరా చేరుస్తుంది. ఇంత పెద్ద బండికి ఆ పేరు ఎందుకు ఉంచారో గాని, పల్లెవాళ్ళ పాలిట అది వల వంటిదే.

సరే, ఎక్కేశాము. ఇప్పుడేమి చేయాలి? మొదట, కదిలే రైలులోనుండి దిగరాదు. లోకల్ రైలు తలుపులు తెరిచే ఉంటాయి గనుక దూకేద్దామనిపిస్తుంది. తప్పు రైలువల్ల పోయేది ఒక గంట. దూకితే పోయేది ప్రాణం. గొలుసు లాగడం కూడా పనికిరాదు. తగిన కారణం లేకుండా లాగితే రైల్వే చట్టం 141వ సెక్షన్ క్రింద ఏడాది వరకు జైలు గాని, వెయ్యి రూపాయల వరకు జుల్మానా గాని, రెండూ గాని విధించవచ్చును.

రెండవది, ప్రక్కవారిని అడగాలి. ఇది చెప్పినంత సులువు కాదు. చదువురానివాళ్ళమని నవ్వుతారేమో అనే సిగ్గుతో, ఊరు దాటిపోతున్నా మూట ఒడిలో పెట్టుకొని కూర్చునేవారున్నారు. దారి తప్పినదానికంటె ఈ సిగ్గే ఎక్కువ దూరం తీసుకొనిపోతుంది. యోనాను చూడండి. నీనెవెకు పొమ్మంటే యొప్పేలో తర్షీషు ఓడకు కేవు ఇచ్చి మరీ ఎక్కాడు. మన తల్లులు తెలియక ఎక్కుతారు, ఆయన తెలిసే ఎక్కాడు. అయినా తుపాను మధ్య ఓడవారు నీవెవడవు, ఎక్కడివాడవు అని అడిగితే దాచుకోలేదు, ఉన్నది ఉన్నట్లు చెప్పాడు.

అడిగితే బేగంపేట వచ్చేలోపే తెలిసిపోతుంది. నాంపల్లికి టిక్కెట్టు తీసుకొని సికింద్రాబాదు రైలు ఎక్కినా, బేగంపేట వరకు దారి ఒక్కటే. మన టిక్కెట్టు అక్కడివరకు చెల్లుతుంది. అక్కడ దిగి నాంపల్లి రైలు ఎక్కితే సరిపోతుంది. అది దాటితే మాత్రం తగిన టిక్కెట్టు లేనివారి లెక్కలోకి వస్తాము. ఛార్జీకి తోడు 250 రూపాయలు గాని, ఛార్జీ అంత సొమ్ము గాని, ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టవలసి రావచ్చును. టిక్కెట్టు కలెక్టరు కనబడగానే దాక్కోక, మనమే ఎదురువెళ్ళి చెప్పడం మేలు.

స్త్రీలు తప్పక తెలిసికోవలసిన సంగతి ఒకటున్నది. 1989 నాటి రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం, మగతోడు లేని స్త్రీని గాని బిడ్డను గాని టిక్కెట్టు లేదని ఎక్కడపడితే అక్కడ దింపరాదు. వారు ఎక్కిన స్టేషన్‌లోనో, జంక్షన్‌లోనో, రైలు ఆఖరు స్టేషన్‌లోనో, జిల్లా కేంద్రంలోనో, అదీ పగటివేళ మాత్రమే దింపాలి. రైల్వే సహాయానికి ఫోను నంబరు కూడా 139 కావడం గుర్తుంచుకోవడానికి బాగుంది.

బస్సు సంగతి తేలిక. హైదరాబాదు బస్సులలో అంకె ప్రక్కన అక్షరం మారితే దారే మారుతుంది. కండక్టరుకు చెప్పి తరువాతి స్టాపులో దిగి, జాగ్రత్తగా రోడ్డు దాటి ఎదుటి స్టాపులో నిలబడాలి. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణ స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ బస్సులలో ఛార్జీ లేదు గనుక డబ్బు భయమూ లేదు. సున్నా టిక్కెట్టు మాత్రం ప్రతి బస్సులోనూ అడిగి తీసుకోవాలి.

అన్నిటికంటె కష్టమైనది, సగం మంది ఎక్కి సగం మంది ప్లాట్‌ఫారం మీద మిగిలిపోవడం. పస్కా పండుగ ముగించుకొని వస్తూ యోసేపు, మరియలు పన్నెండేళ్ళ యేసు బంధువులతో ఉన్నాడనుకొని ఒక దినప్రయాణం సాగిపోయారు. తరువాత వెనుకకు తిరిగి, మూడు దినములకు దేవాలయములో కనుగొన్నారు. బాలుడు ఒక్కచోట ఉన్నాడు, వెదకేవారు తిరిగి వచ్చారు. ఇద్దరూ తిరుగుతూ ఉంటే ఇంకెన్ని దినాలు పట్టేదో!

ఊరినుండి బయలుదేరేముందే ఇంటిల్లిపాదీ ఈ మాట అనుకోవాలి: రైలులో వెళ్ళిపోయినవారు తరువాతి స్టేషన్‌లో దిగి, దిగినచోటనే కూర్చోవాలి. మిగిలినవారు వెనుక రైలులో అక్కడికి వస్తారు. వారు ఎక్కిన రైలు అక్కడ ఆగుతుందో లేదో మాత్రం ముందుగా అడగాలి. చదువురాని పెద్దవారి జేబులోనో కొంగుముడిలోనో చేరవలసిన స్టేషన్ పేరు తెలుగులోను, ఇంగ్లీషులోను వ్రాసి, బంధువుల ఫోను నంబరు వేసిన కాగితం ఉంచాలి. ఫోను ఉన్నది కదా అంటారు గాని, బోరబండ చేరేసరికి దానిలో చార్జింగు ఉండదు.