గురిగింజ ఎత్తు

మామయ్యగారు ఆర్నెల్ల వీసా మీద మా దగ్గరికి, లెస్టర్‌కి, నవంబరులో వచ్చారు. ఎండలొచ్చాక రమ్మంటే విన్లేదు. సాయంత్రం నాలుగింటికే చీకటి పడిపోయే ఊళ్ళో ఆయనకేం తోస్తుంది? మచిలీపట్నంలో నలభై ఏళ్ళు బంగారప్పని చేసిన మనిషి. అత్తయ్యగారు పోయాక కొట్టు మూసేశారు. ఇక్కడ కిటికీ పక్కన కూర్చుని రోజంతా మాట్లాడేది రెండే మాటలు: "కాస్త కాఫీ ఇస్తావా అమ్మా", "పిల్లాడు ఎన్నింటికొస్తాడు".

ఆ పిల్లాడికి పదమూడేళ్ళు. తెలుగు అర్థమవుతుంది, నోరు తిరగదు. తాతగారు ఏమడిగినా "ఓకే తాతా" అనేసి మేడెక్కేస్తాడు. బీయే తెలుగు చదివిన తల్లికి ఇంతకంటే తలవంపు ఏముంటుంది చెప్పండి! తప్పు నాదే. బళ్ళో వెనకబడతాడేమోనని చిన్నప్పుడు ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడాను.

వాడి ప్రాణమంతా స్లాట్ కార్లు. ఈ దేశంలో 1957 నుంచీ ఉన్న స్కేలెక్‌స్ట్రిక్ ఆట అది. కార్ బూట్ సేల్లో 12 పౌండ్లకి పాత పెట్టె కొన్నాం. ట్రాకులో గాడి ఉంటుంది. కారు ముక్కు కింద చిన్న నాలుకలాంటిది ఆ గాడిలో దూరి పరిగెడుతుంది. అడుగున అయస్కాంతం ఒకటి ట్రాకులోని ఇనప పట్టీల వైపు కారుని లాగి పట్టుకుంటుంది కాబట్టి మలుపుల్లో పడిపోదు. మావాడు దాన్ని పీకేశాడు. అదుంటే చీటింగట! అది లేకపోతే మలుపు దగ్గర తోక విసిరి బోల్తా కొడుతుంది. అందుకని లోపల బరువులు అంటించాలి.

ఆ బరువుల కోసం సీసం రేకు తెప్పించాడు. నా వంటింటి కత్తెరతో కోసి, నేను పిండి తూచుకునే కాటా మీద పెట్టి తూస్తున్నాడు. చూసి అరిచేశాను. సీసం విషం కదండీ! ఆ ముక్కలన్నీ మూటకట్టి కౌన్సిల్ డంపులో ఇచ్చేసి వచ్చాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మావారు నైట్ షిఫ్టు. ఇంట్లో ఇద్దరు మూగవాళ్ళు, మధ్యలో నేను.

నాలుగోరోజు వాడు చిల్లర నాణేలు బ్లూటాక్‌తో కారు వెనక అంటించి వదిలాడు. మీట నొక్కగానే ముక్కు పైకి లేచి, నాలుక గాడిలోంచి ఊడిపోయింది. కిటికీ దగ్గర్నుంచి, "వెనక బరువెక్కువైందిరా" అని వినిపించింది.

మామయ్యగారు లేచి వచ్చారు. పగిలిన ఫొటో ఫ్రేము వెనకున్న ఇత్తడి రేకు అడిగి తీసుకుని, ముక్కలు కోసి అంచులు అరగదీశారు. చేతులు కొంచెం వణుకుతున్నాయి గానీ కోత మాత్రం సూటిగా వచ్చింది.

"మీ అమ్మ చెవులు చూడు. బుట్టల బరువంతా తమ్మె మీదే పడితే చెవి సాగిపోతుంది. అందుకని మాటీలు పెట్టి, సగం జుట్టుకి పంచుతాం."

వాడు నిజంగానే నా దగ్గరికొచ్చి చెవులు చూశాడు. నా మాటీలు బీరువాలో ఉన్నాయి, తెచ్చి పెట్టుకుని చూపించాను.

కాస్త ముక్కు దగ్గర, మిగతాది ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ నడుమ, బాగా అడుగున, రెండు పక్కలా సమంగా అంటించారు. ఈసారి మలుపు తిరిగింది. కానీ కదలడానికీ ఆగడానికీ బద్ధకించింది. మామయ్యగారు కారుని అరచేతిలో ఆడించి, "నాలుగు గురిగింజల ఎత్తు తియ్యి" అన్నారు.

"గురి... వాట్?"

ఎర్రటి గింజ, కొసన నల్లచుక్క, కంసాలుల తూకం అని చెప్పాను. లెక్కేస్తే నాలుగూ కలిపి దాదాపు అర గ్రాము. నా కాటా గ్రాముకి తక్కువ చూపించదు మరి! ఆకురాయి పట్టుకుని ఇద్దరూ రాత్రి పదకొండింటి దాకా కూర్చున్నారు. అన్నానికి రెండుసార్లు పిలిచి ఊరుకున్నాను.

ఏప్రిల్లో ఆయన వెళ్ళిపోయారు. నిన్న వాట్సాప్‌లో వీడు కారు తిరగేసి కెమెరాకి చూపిస్తున్నాడు.

"తాతా, ముక్కు మళ్ళీ లేస్తోంది."

"వెనక ఎంత పెట్టావురా?"

"ఆరు గురిగింజలు."

"అంతెందుకురా!"