కడుపు నొప్పని చెప్పలేని పిల్లాడు

నిరుడు ఎండాకాలం మా చెల్లె కొడుకు మూడు వారాలపాటు రాత్రిపూట తల గోడకేసి కొట్టుకున్నాడు. వాడికి ఎనిమిదేళ్లు. ఆటిజం. మాటలు రావు. భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్ వాళ్లది. మంచం పక్క గోడకు చెల్లె పాత బొంతలు మడిచి కట్టింది. మా మరిదికి నైట్ షిఫ్టులు. పక్కింటివాళ్ల నిద్ర పాడవుతుందని పిల్లాణ్ణి ఒళ్లో పట్టుకుని ఇది తెల్లవార్లూ కూర్చునేది.

ఒకచోట చూపిస్తే, పాత కాగితాల్లో ఆటిజం అన్న మాట చూడగానే "ఈ పిల్లలు ఇట్లనే చేస్తరమ్మా" అని నిద్రమందు రాసిచ్చారట. పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యలేదు. వాళ్లను అని ఏం లాభం, జనగామలో కూర్చుని నేనూ ఫోన్లో అదే అన్నాను. "వాని గుణమే అది, ఓపిక పట్టు" అని.

సెలవులకు అందరం మహబూబాబాద్‌లో అమ్మ దగ్గర కలుద్దామనుకున్నాం. నేను జనగామలో గోల్కొండ ఎక్కాను. వాళ్లు పరకాల మీదుగా హనుమకొండ వచ్చి, అక్కడినుంచి ఇంకో బస్సు. ఆ రెండు బస్సుల్లో పిల్లాడితో ఎట్లా వచ్చిందో చెల్లె చెప్పలేదు, నేను అడగలేదు.

మర్నాడు పొద్దున అమ్మ వాడికి నీళ్లు పోస్తూ పొట్ట నిమిరి ఆగిపోయింది.

"ఏందే, పిల్లగాని కడుపు రాయి లెక్క ఉన్నది. వీడు దొడ్డికి పోయి ఎన్నొద్దులైంది?"

"రోజూ చెడ్డీ ఖరాబు జేస్తనే ఉన్నడు గదమ్మా. ఇంకా విరేచనాలు పట్టుకున్నయేమో అనుకుంటున్న."

"విరేచనాలైతే కడుపు గిట్ల ఉంటదా?"

ఆ సాయంత్రమే మానుకోటలో పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పొట్ట నొక్కి చూసి అమ్మ మాటే నిజమన్నాడు. లోపల మలం గట్టిపడి పేరుకుపోతే, వెనక ఉన్న పలచటిది దాని పక్కనుంచి కారి బట్టలు పాడుచేస్తుందట. చూసేవాళ్లకు విరేచనాల్లాగే కనిపిస్తుందట. ముందు లోపలున్నది మెత్తబడి పోవడానికి మందిచ్చాడు. ఆ తర్వాత పేగు మామూలయ్యేదాకా నెలల తరబడి వాడాలని, మధ్యలో బాగైందని ఆపొద్దని గట్టిగా చెప్పాడు. వారం తిరక్కముందే తల కొట్టుకోవడం తగ్గింది. ఇరవై రోజులకు రాత్రి నిద్రపోయాడు. మాటలు రాలేదు, ఆటిజం ఎటూ పోలేదు. కానీ నొప్పి పోయింది.

దవాఖాన మెట్లు దిగుతూ అమ్మ అన్న మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. "మాట రానోడైతే నొప్పి గూడ రాదా?"

ఇంటికొచ్చాక నా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని దీని గురించి చదవడం మొదలుపెట్టాను. నాది బీఏ తెలుగు. సమాసాలు విడదీయమంటే విడదీస్తాను గానీ జన్యువుల సంగతి నాకేం తెలుసు? ఇంగ్లీషులో ఉన్నది అది చదివి చెబుతుంటే నేను నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆటిజం పిల్లల్లో కడుపు బాధలు మామూలు పిల్లలకంటే చాలా ఎక్కువ. అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు కొన్నింటిని కలిపి 2014లో లెక్కవేస్తే, ఆ అవకాశం నాలుగు రెట్లకు పైనే తేలింది. మలబద్ధకం వాటిలో ముఖ్యమైనది. ఫిట్స్ ఎక్కువ. నిద్ర తక్కువ. నోట్లో బ్రష్షు పెట్టనివ్వరు కాబట్టి పళ్లు పుచ్చినా మనకు తెలియదు. తిండి చూస్తే రెండు మూడు రకాలకు మించి ముట్టని పిల్లలుంటారు. మావాడికి తెల్లన్నం, పెరుగు, ఒక కంపెనీ బిస్కెట్టు, అంతే. కూర కనబడితే కంచం తోసేస్తాడు. అట్లాంటి తిండికి కడుపు గట్టిపడక ఏమవుతుంది?

పేగుల్లోని సూక్ష్మజీవుల వల్లే ఆటిజం వస్తుందని, వాటిని మారిస్తే పోతుందని పొడులూ డబ్బాలూ అమ్మేవాళ్లున్నారు. చెల్లె కూడా ఒక డబ్బాకు నాలుగు వేలు పోసింది. 2021లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాదాపు రెండున్నర వందల మంది పిల్లల మీద చేసిన పరిశోధన ఒకటి చదివించుకున్నాను. ఆ సూక్ష్మజీవుల్లో తేడాకు ఎక్కువగా కనబడ్డ కారణం పిల్లలు తినే తిండే. రకరకాలు తినరు కాబట్టి కడుపులో రకాలు తగ్గుతాయి. అంటే డబ్బా అమ్మినవాళ్లు కథను తలకిందులుగా చెప్పారన్నమాట.

ఇక కారణాల సంగతి. ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

అయిదేళ్ల కింద సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థలో వాడికి ఆటిజం అని చెప్పినప్పుడు ఇంట్లో తలా ఒక మాట అన్నారు. గ్రహణం పూట కత్తిపీట పట్టిందని వాళ్లత్తమ్మ అన్నది. సమ్మక్క మొక్కు బాకీ ఉందని ఇంకెవరో అంటే, మేడారంలో వాడి ఎత్తు బంగారం కూడా తూచి ఇచ్చారు. మరి అక్కను, చదువుకున్నదాన్ని, నేనేమన్నాను? "నువ్వే ఫోను చేతికిచ్చి కూసుండబెట్టినవ్" అన్నాను. చెల్లె ఏమీ అనలేదు. పిల్లాడికి అన్నం పెడుతూ ఉండిపోయింది.

ఈ పని నేనొక్కదాన్నే చేయలేదని తర్వాత తెలిసింది. 1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టరు పదకొండు మంది పిల్లలను చూసి ఆటిజం గురించి మొదటిసారి వివరంగా రాశాడు. పుట్టుకతోనే వస్తుందని చెబుతూనే, తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కూడా ఒక మాట రాసిపెట్టాడు. ఆ మాటే పెరిగి పెద్దదై "ఫ్రిజ్ తల్లులు" అయింది. తల్లి ప్రేమ చల్లగా ఉండబట్టే పిల్లలు ఇట్లా అయ్యారట! బ్రూనో బెటెల్‌హైమ్ అనే ఆయన 1967లో ఈ తీరుగానే ఒక పుస్తకమే రాశాడు. రాత్రంతా పిల్లాణ్ణి ఒళ్లో పట్టుకున్న తల్లిని చూసినవాళ్లెవరైనా ఆ పుస్తకం రాస్తారా?

దాన్ని ఎదిరించినవాడు ఒక తండ్రి. బెర్నార్డ్ రిమ్‌లాండ్ అమెరికా నౌకాదళంలో పనిచేసే మనస్తత్వ శాస్త్రవేత్త. సొంత కొడుక్కి ఆటిజం. కారణం పెంపకంలో లేదు, మెదడులో ఉందని 1964లో పుస్తకం వేశాడు. దానికి ముందుమాట రాసింది కానరే. 1977లో ఇంగ్లండులో కవల పిల్లల మీద ఒక పరిశోధన వచ్చింది. ఒకే పిండం నుంచి పుట్టిన కవలలు పదకొండు జంటల్లో నాలుగు జంటలకు ఇద్దరికీ ఆటిజం ఉంది. వేరువేరు పిండాల కవలలు పది జంటల్లో ఒక్క జంటకూ అట్లా లేదు. పెంచింది ఒక్క తల్లే కదా! ఇప్పుడైతే వందల జన్యువులకు దీనితో సంబంధం ఉందంటున్నారు. కొన్ని తల్లిదండ్రుల నుంచి వస్తాయి, కొన్ని మార్పులు బిడ్డలోనే కొత్తగా పుడతాయి. నెలలు నిండకుండా పుట్టడం, కడుపుతో ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడడం కూడా ప్రమాదాన్ని పెంచుతాయి. (ఆ మందు వాడుతున్నవాళ్లు ఇది చదివి సొంతంగా ఆపకండి. డాక్టరుతో మాట్లాడండి.)

టీకాల భయం కూడా చెప్పాలి. 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే ఇంగ్లండు డాక్టరు పన్నెండు మంది పిల్లలను చూపించి తట్టు టీకా మీద అనుమానం పుట్టించాడు. 2010లో ఆ వ్యాసాన్ని పత్రికే రద్దు చేసింది, ఆయన డాక్టరు రిజిస్ట్రేషన్ కూడా పోయింది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మంది పిల్లలను చూసి 2019లో సంబంధం లేదని తేల్చారు. 2017 ఆగస్టులో మన దగ్గర బడుల్లో తట్టు, రుబెల్లా టీకా వేసినప్పుడు మా వాడకట్టు ఆడవాళ్లు పిల్లలను బడి మాన్పించడం నాకు గుర్తుంది. కడుపుతో ఉన్న తల్లికి రుబెల్లా సోకితే బిడ్డకు ఆటిజం వచ్చే ప్రమాదం ఉందని అప్పుడు మాలో ఒక్కరికీ తెలియదు. భయపడింది ఏ టీకాకు? ఆ ప్రమాదాన్ని ఆపే టీకాకు!

ఇదేదో మా ఇంటికే వచ్చిందనుకున్నాం. హైదరాబాదుతో కలిపి దేశంలో అయిదు చోట్ల చేసిన సర్వే 2018లో అచ్చయింది. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో ఆటిజం దాదాపు నూటికి ఒకరికి ఉంది. 2016 చట్టంలో దీన్ని వైకల్యాల జాబితాలో చేర్చారు. నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ బీమా ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్యం ఖర్చు ఇస్తుంది. మీ ఇంట్లో ఇట్లాంటి బిడ్డ ఉంటే అడిగి చేర్పించండి. మావాళ్లు నాలుగేళ్లు ఆలస్యం చేశారు.

దసరాకు భూపాలపల్లి పోయినప్పుడు వంటింట్లో చెల్లెతో అన్నాను, "ఆనాడు ఫోను సంగతి నేనన్న మాట తప్పే" అని. అది నా వైపు తిరగలేదు. "పప్పు పొంగుతున్నది, జర మూత తియ్యక్కా" అన్నది. తీశాను. కాసేపటికి "యాదికున్నదా నీకు" అని మాత్రం అన్నది.

ఆ వంటింటి గోడకు క్యాలెండరు ఉంది. వాడు దొడ్డికి పోయిన రోజు ఎర్ర పెన్నుతో టిక్కు, రాత్రి సరిగ్గా పడుకోకపోతే సున్నా. రెండు రోజులు టిక్కు లేకపోతే పొట్ట చూస్తారు. ఊరికే అరిస్తే ముందు చెవి, పన్ను, పొట్ట, ఆ తర్వాతే ఇంకేదైనా. మొదట్లో వాళ్లత్తమ్మ ఆ గీతలు చూసి "పాలోని లెక్కా?" అని అడిగిందట. ఇప్పుడు చెల్లె మరిచిపోతే ఆమే పెన్ను తీసుకుంటుంది. నేనున్న రెండు రోజులూ టిక్కు పెట్టింది ఆమే. చూపు సరిగ్గా ఆనక ఒకటి పక్క తేదీలో పడింది.