మైకు సెట్టు వాళ్ళమ్మాయి

మా చెల్లెలు కుప్పంలో కొత్త ఇల్లు కట్టుకుంది. పోయిన నెలలో గృహప్రవేశం చేశారు. ఆ ఇంట్లో స్పీకర్లు గోడ మీద కాదు, గోడ లోపల పెట్టించారు. బయటికి తెల్లటి జాలీ మాత్రం కనిపిస్తుంది, అది కూడా గోడ రంగులో కలిసిపోయి. ఎప్పుడూ వంటలూ పిల్లలూ అంటూ రాసే ఈవిడకి స్పీకర్లతో ఏం పని అనుకోకండి. ఇల్లు కట్టుకునేవాళ్ళకి పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. నేను ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పుకోని సంగతి కూడా ఒకటి ఉంది.

మా పుట్టిల్లు పుంగనూరు. మా నాయన మైకు సెట్టు బాడుగకిచ్చేవాడు. పెళ్ళిళ్ళు, భజనలు, సుగుటూరు గంగమ్మ జాతర, ఎలక్షన్లు, ఏదైనా సరే మైకు కావాలంటే మా గడప తొక్కాల్సిందే. మా నడవలో బియ్యం మూటల పక్కనే హారన్లు బోర్లించి ఉండేవి. రాత్రిపూట వాటి మీద కోళ్ళు పడుకునేవి. ఆగస్టు పదిహేనుకి బడిలో జనగణమన మా నాయన హారన్లోంచే వచ్చేది. ఆ పాటకి 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలోనే మార్గరెట్ కజిన్స్ స్వరాలు రాసిపెట్టారని, ఠాగూరు దాన్ని ఇంగ్లీషులోకి అక్కడే మార్చారని, తర్వాత అదే కాలేజీలో బీఏ తెలుగు చదువుతున్నప్పుడు విన్నాను. అప్పటిదాకా నాకు అది మా నాయన పాటే.

నాకు ఏడెనిమిదేళ్ళప్పటి నుంచి సామాను అందించే పని నాదే. ఆంప్లిఫయర్ వెనకాల స్క్రూలు వరసగా ఉంటాయి, ఒక్కోదాని దగ్గర 4, 8, 16 అని అంకెలుంటాయి. మా హారన్లు ఒక్కోటి పదహారు ఓములు. "ఒక హారనుకి పదహారు, రెండు హారన్లకి ఎనిమిది, నాలుగు హారన్లకి నాలుగు" అని నాయన నాతో ఎక్కాల మాదిరి చెప్పించేవాడు. హారన్లు పెరిగేకొద్దీ అంకె తగ్గేదెందుకో నాకు అంతుపట్టేది కాదు. ఒకరోజు అడిగితే పెరట్లో కుళాయి చూపించి చెప్పాడు. "ఒక కుళాయి తిప్పితే కొన్ని నీళ్ళు పోతాయి. రెండు తిప్పితే జాస్తి పోతాయి. దారులు పెరిగినాయి గదా, అడ్డం తగ్గింది. ఓములంటే ఆ అడ్డమే. అడ్డం తగ్గితే కరెంటు జాస్తి పారతాది, ఆంప్లిఫయర్ కాలిపోతాది."

ఓమ్ అంటే ఓంకారం అనుకునేదాన్ని నేను. కాదట. జర్మనీలో బడి పంతులుగా పనిచేసిన ఓమ్ అనే ఆయన 1827లో ఈ లెక్కంతా పుస్తకంగా వేశాడు. ఆయన పేరే దీనికి పెట్టారు.

ఇక చెప్పుకోని సంగతికి వస్తాను. 2001లో నాకు మదనపల్లె సంబంధం వచ్చింది. వాళ్ళది టీచర్ల కుటుంబం. మధ్యవర్తి మా నాయనని "ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు" అని చెప్పాడు. ఆ మాట అనమని ఆయనకి అందించింది నేనే. నాయన విన్నాడు, ఏమీ అనలేదు. పెళ్ళికి తన సెట్టు బయటికి తియ్యకుండా వేరే ఊరి నుంచి బాడుగకి తెప్పించాడు. కన్యాదానం అయి కాసేపటికి మైకు ఆగిపోయింది. సన్నాయి మేళం పందిరి దాటి వినపడటం లేదు. ఆ కుర్రాడు వైర్లు పట్టుకుని అటూ ఇటూ పరిగెడుతున్నాడు. పీటల మీద నుంచి నాయన లేవబోయి నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

అంతే జరిగింది. మైకు పది నిమిషాలకి బాగయింది, తాళి కట్టారు, భోజనాలు జరిగాయి. ఎవరికీ గుర్తులేదు. నాకు మాత్రం ఏ పెళ్ళికి పోయినా మైకు గరగరమంటే చాలు, పట్టుపంచెలో సగం లేచిన మా నాయనే కనిపిస్తాడు.

తర్వాత డీజేలు వచ్చాయి, మైకు సెట్లు మూలపడ్డాయి. అమ్మ పోయింది. అన్నేళ్ళు హారన్ల కింద నిలబడ్డందుకు నాయనకి కుడిచెవి దాదాపు పోయింది. ఎడమచెవి దగ్గర గట్టిగా మాట్లాడితేనే వినపడుతుంది. ఏ ఫంక్షనుకి పిలిచినా ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఆయనా అట్లాగే కూర్చుంటాడు.

గృహప్రవేశానికి మేము తెల్లవారుజామునే మదనపల్లెలో బయల్దేరి, పుంగనూరులో నాయనని ఎక్కించుకుని, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరాం. వ్రతం బాగా జరిగింది. భోజనాల వేళకి మా మరిది పాటలు పెట్టాడు. హాల్లో రెండు, భోజనాల గదిలో రెండు, మొత్తం నాలుగు స్పీకర్లు. అందరూ గోడలు తడిమి చూసి మెచ్చుకుంటుంటే ఇంకాస్త సౌండు పెంచాడు. ఇరవై నిమిషాలు పాడి టక్కున ఆగిపోయాయి. ఆంప్లిఫయర్ మీద ఎర్రలైటు. ఆపి మళ్ళీ వేస్తే ఐదు నిమిషాలు పాడి మళ్ళీ అంతే. బెంగళూరులో కొన్న షాపుకి ఫోను చేశాడు. "ఆంపు చాలట్లేదు సార్, దీనికి రెండింతల వాట్లది తీసుకోండి" అన్నారు. మరిది ముఖం మాడిపోయింది.

మూల కుర్చీలో నాయనకి పాట ఆగిన సంగతి వినపడి తెలియలేదు, అందరూ అటు తిరిగేసరికి తెలిసింది. కుర్చీ చేతులు పట్టుకుని సగం లేచి నా వైపు చూశాడు.

నేను వెళ్ళి ఎడమచెవి దగ్గర "పాట ఆగిపోయింది నాయినా, వచ్చి చూడు" అన్నాను.

"ఒక్కోటి ఎన్ని ఓములు?" అన్నాడు లేస్తూనే.

"వంద వాట్లు మామా" అన్నాడు మరిది.

"వాట్లు కాదు నాయినా, ఓములు."

ఆంప్లిఫయర్ని టీవీ కింద చెక్క అల్మారాలో పెట్టి తలుపులు మూసేశారు. తలుపు తీస్తే వేడి ముఖానికి కొట్టింది. నాయన వంగలేడు కాబట్టి నేనే పట్టుచీర దోపుకుని కూర్చుని ఫోను లైటు వేసి వెనకాల చూశాను. 6 నుంచి 16 ఓముల దాకా అని రాసుంది. స్పీకర్ల అట్టపెట్టెలు అటక మీద ఉంటే మా అబ్బాయి దించాడు. ఒక్కోటి ఎనిమిది ఓములు. ఎలక్ట్రీషియన్ ఒక్కో వైపు రెండేసి స్పీకర్ల వైర్లు కలిపి ఒకే చోట దూర్చేశాడు.

"ఎనిమిదీ ఎనిమిదీ నాలుగు నాయినా" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "ఎనిమిదీ ఎనిమిదీ పదహారు కదా వదినా, తెలుగు బీఏ అంటే లెక్కలు మరీ ఇంతనా!" అన్నాడు మరిది.

నాయన నవ్వలేదు. "పక్కపక్కన కట్టినారు, నాలుగే అవుతాది. ఆరుకి తగ్గకూడదని రాసి పెట్టినారు గదా. ఒకదాని వెంబడి ఒకటి కట్టు, నువ్వనే పదహారు వస్తాది" అన్నాడు అల్లుడితో.

ముందు మెయిన్ స్విచ్ ఆపించాం. అదృష్టం ఏమిటంటే నాలుగు స్పీకర్ల వైర్లూ విడివిడిగా అల్మారాలోకి వచ్చాయి. గోడలోపలే కలిపేసి సిమెంటు పూసుంటే మళ్ళీ గోడ పగలగొట్టాల్సిందే. ఆంప్లిఫయర్ ప్లస్ నుంచి మొదటి స్పీకర్ ప్లస్‌కి, దాని మైనస్ నుంచి రెండోదాని ప్లస్‌కి, రెండోదాని మైనస్ మళ్ళీ ఆంప్లిఫయర్ మైనస్‌కి. రెండో వైపూ అట్లాగే. నాలుగూ ఒకే రకం స్పీకర్లు కాబట్టి ఇట్లా కట్టినా ఇబ్బంది లేదు.

కట్టేముందు నాయన ఇంకో పని చేయించాడు. గోడ గడియారంలోంచి పెన్సిలు బ్యాటరీ తీయించి, ఒక్కో స్పీకర్ వైర్లకి తాకించమన్నాడు. జాలీ తీసేసి, వేలి కొస స్పీకర్ అట్ట మీద ఆనీ ఆననట్టు పెట్టాడు. ప్లస్‌కి ప్లస్ తాకిస్తే అట్ట ముందుకు రావాలి. మూడు వచ్చాయి. భోజనాల గదిలో ఒకటి లోపలికి పోయింది. "ఇది తిరగేసి కట్టినారు. ఒకటి తోస్తా ఉంటే ఇంకోటి లాగతా ఉంది. అందుకే ఇక్కడ డోలు శబ్దం పలచగా ఉంది" అన్నాడు. ఆయనకి ఆ డోలు సరిగ్గా వినపడి ఉండదు. అయినా వేలితో పట్టేశాడు.

మళ్ళీ వేస్తే సాయంత్రం దాకా ఆగకుండా పాడింది. "సౌండు కొంచెం తగ్గినట్టుంది మామా" అన్నాడు మరిది.

"ఇల్లు నాయినా ఇది. జాతర కాదు" అన్నాడు నాయన.

ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళ కోసం, నాయన చెప్పినవీ ఆ రోజు కళ్ళారా చూసినవీ కలిపి రాస్తున్నాను. ఈ గోడ స్పీకర్లు మొదట అమెరికా మాదిరి ఇళ్ళ కోసం వచ్చినవి. అక్కడి గోడలు చట్రాలకి జిప్సం పలకలు కొట్టినవి, లోపల బోలుగా ఉంటాయి. మనవి ఇటుక గోడలు. తొమ్మిదంగుళాల గోడలో అయితే గూడు తొలిచి పెట్టొచ్చు, నాలుగున్నర అంగుళాల గోడని ముట్టుకోకపోవడమే మంచిది. గూట్లో ప్లైవుడ్ డబ్బా పెట్టి అందులో బిగిస్తే శబ్దం నిబ్బరంగా ఉంటుంది. చెమ్మ పట్టే బాత్రూం గోడ వద్దు. పిల్లలు చదువుకునే గది గోడా వద్దు. వైరు పైపులు పూతకి ముందే వెయ్యాలి. కరెంటు వైరు పైపుతో కలపకుండా ఒక అడుగైనా ఎడంగా వెయ్యాలి, లేకపోతే గుయ్యిమంటుంది. ప్రతి స్పీకరుకీ వేరే వైరు, కొసన పేరు రాసి ఉండాలి. ఆంప్లిఫయర్‌కి గాలి ఆడాలి, దాని మీద లేసు గుడ్డలు కప్పకండి. కొనేటప్పుడు ఎన్ని వాట్లని అడిగే ముందు, ఎన్ని స్పీకర్లు, ఒక్కోటి ఎన్ని ఓములు, ఆంప్లిఫయర్ ఎంతదాకా తట్టుకుంటుంది అని అడగండి. వాట్లు రెండింతలు చేస్తే శబ్దం రెండింతలు కాదు, మూడు డెసిబెల్సే పెరుగుతుంది. చెవికి కాస్త పెరిగినట్టు తెలుస్తుంది, అంతే. మా మరిది ఆ షాపు మాట విని పెద్దది కొన్నా, అదీ నాలుగు ఓములకి తట్టుకోనిదైతే ఇట్లాగే ఆగిపోయేది.

చేతులు కడుక్కుంటుంటే చెల్లెలి వైపు పెద్దావిడ ఒకరు అడిగారు, "ఏమ్మా, నువ్వు ఇంజనీరువా?"

"కాదు పిన్నీ. పుంగనూరు మైకు సెట్టు వాళ్ళమ్మాయిని" అన్నాను. అనేశాక గుండె కొట్టుకుంది. ఇరవై ఏళ్ళు దాటి ఆ మాట నోట రావడం అదే మొదలు. ఆవిడ "అట్లనా, మంచిది" అని పాయసం గ్లాసు తీసుకుని వెళ్ళిపోయారు. నేను అన్నేళ్ళు దాచిన దానికి దక్కిన జవాబు అంతే.

తిరిగొచ్చేటప్పుడు నాయన వెనక సీట్లో నిద్రపోయాడు. వి.కోట దాటాక మా ఆయన మెల్లగా అన్నారు, "మన పెళ్ళిలో మైకు ఆగినప్పుడు కూడా మామ ఇట్లాగే లేవబోయాడు కదా." నేను ఆయన వైపు తిరిగాను. "నేను పక్క పీట మీదే ఉన్నాను. మైకు సెట్టు సంగతి పెళ్ళయిన నెలకే తెలుసు. నువ్వే చెప్తావని చూశాను, చెప్పలేదు. సరే, ఊరుకున్నాను."

పుంగనూరులో నాయనని దింపి, చెయ్యి పట్టుకుని అరుగు ఎక్కించాను. క్షమించు నాయినా అందామనుకున్నాను. ఆయనకి వినపడాలంటే వీధంతా వినపడేలా అరవాలి. అది అరిచి చెప్పే మాట కాదు. "జాగ్రత్త" అని మాత్రం చెవి దగ్గర చెప్పి వచ్చేశాను.

నిన్న మరిది ఫోను చేశాడు. కుప్పంలో వాళ్ళ స్నేహితుడు ఇల్లు కడుతున్నాడట, పూత ఇంకా కాలేదట, మామని ఒకసారి తీసుకొస్తారా అని. నాయనకి ఫోను చేసి మూడుసార్లు గట్టిగా చెప్పాను. అర్థమయ్యాక కాసేపు మాట్లాడలేదు.

"వస్తాలే" అన్నాడు. "ముందు ఒక్కోటి ఎన్ని ఓములో కనుక్కోమ్మా."